ఓఆర్ నంబరు బళ్ల వైరింగ్: కిట్టు మార్చే ముందు

రాయగడలో గానీ పర్లాకిమిడిలో గానీ పాత హీరో హోండానో యమహా ఆర్ఎక్స్ 100నో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి "హారన్ మోగట్లేదు, లైటు మిణుకుమంటోంది" అని చెప్పి చూడండి. రెండింట్లో ఒక మాట వస్తుంది. "కిట్టు మార్చేయాలి సార్" అంటాడు, లేకపోతే "డైరెక్ట్ చేసేస్తాను" అంటాడు. మొదటిదంటే బండిలోని తీగల కట్ట మొత్తం కొత్తది వేయడం, దానికి ఖర్చు ఎక్కువ. రెండోదానికి ఖర్చు తక్కువే కానీ ఫ్యూజునో తాళాన్నో పక్కకు నెట్టేసి బ్యాటరీ నుంచి నేరుగా ఓ తీగ లాగేస్తారు, అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది. నా లెక్కలో పాత బళ్లలో ఎక్కువ వాటికి ఈ రెండూ అక్కర్లేదు. చెడింది ఒకటి రెండు చోట్లే ఉంటుంది. ఆ చోటు కనిపెట్టాలంటే బండిలో కరెంటు ఏ దారిన పోతోందో ముందు తెలియాలి.

ఒడిశాలో 2012లో నంబర్లు ఓఆర్ నుంచి ఓడీకి మారాయి. కాబట్టి ఓఆర్-18 అని రాయగడ ప్లేటు, ఓఆర్-07 అని గంజాం ప్లేటు ఉన్న బండి అంటే పుష్కరం దాటినదే. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అప్పుడు బండిని చూపించాలి, లైట్లూ ఇండికేటర్లూ హారనూ పని చేయాలి. ఇన్నాళ్లూ పట్టించుకోని వైరింగ్ గుర్తొచ్చేది సరిగ్గా అప్పుడే.

ఒక బండి, రెండు కరెంట్లు

పాత 100 సీసీ బళ్లలో ఎక్కువ వాటిలో కరెంటు రెండు వేర్వేరు దారుల్లో నడుస్తుంది. ఈ ముక్క తెలియకే సగం గందరగోళం.

ఇంజిన్ పక్కన మాగ్నెట్ తిరుగుతుంటే లోపలి కాయిల్‌లో ఏసీ కరెంటు పుడుతుంది. అందులో ఒక చుట్ట కేవలం స్పార్క్ కోసం, అది నేరుగా సీడీఐకి, అంటే ప్లగ్గుకు స్పార్క్ పంపే ఎలక్ట్రానిక్ డబ్బాకు పోతుంది. ఇంకో చుట్ట లైట్లకూ బ్యాటరీ ఛార్జింగ్‌కూ. హెడ్‌లైటు ఈ ఏసీ మీదే వెలుగుతుంది. ఇంజిన్ ఆగితే లైటు ఆరిపోవడం, స్లోలో ఉంటే మసకబారడం, రేజ్ చేస్తే పెరగడం అందుకే. బ్యాటరీలోకి పోయేది ఆర్ఆర్ యూనిట్ అనే చిన్న డబ్బాలో డీసీగా మారి పోతుంది. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు, న్యూట్రల్ దీపం, సెల్ఫ్ ఉంటే సెల్ఫూ ఈ బ్యాటరీ తాలూకువి.

ఇది తెలిస్తే లక్షణమే చిరునామా చెబుతుంది. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు మూడూ ఒకేసారి పోయి హెడ్‌లైటు బాగానే ఉంటే తప్పు బ్యాటరీ వైపుంది: ఫ్యూజు, బ్యాటరీ, లేదా తాళం దగ్గరి తీగ. హెడ్‌లైటు మాత్రమే పోయి హారన్ ఖణీమంటుంటే బ్యాటరీని అనుమానించడం వృథా. హెడ్‌లైటుకు పోయే ఏసీ తీగ ఎక్కడైనా బాడీకి తగిలి షార్ట్ అయినా ఫ్యూజు కొట్టదు, ఆ దారిలో ఫ్యూజే లేదు కాబట్టి. "ఫ్యూజు బాగానే ఉంది, లైటు ఎందుకు రావట్లేదు" అనే ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇదే. మల్టీమీటరు పెట్టి కొలిచేటప్పుడూ ఇది గుర్తుండాలి. డీసీ మీద పెట్టి ఏసీ తీగను కొలిస్తే దాదాపు సున్నా చూపిస్తుంది, మంచి కాయిల్ పోయిందనుకుని మార్చేస్తారు.

పాత బుల్లెట్లలాగా బ్యాటరీ మీద, పాయింట్ల మీద స్పార్క్ వచ్చే బళ్ల సంగతి వేరు. వాటిలో బ్యాటరీ చస్తే ఇంజినూ మొరాయిస్తుంది. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బళ్లలో ఇంజిన్ తిరిగినంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉండాలన్న నిబంధన వచ్చింది, వాటి వైరింగ్ కూడా మారింది. ఇక్కడి మాటలన్నీ అంతకు ముందు బళ్ల గురించి.

తాళం తెరవడం అంటే తెగ్గొట్టడం

ఇంట్లో స్విచ్ వేస్తే తీగలు కలుస్తాయి, దీపం వెలుగుతుంది. మాగ్నెట్ మీద స్పార్క్ వచ్చే బండిలో తాళం స్పార్క్ విషయంలో తలకిందులుగా పని చేస్తుంది. తాళం ఆఫ్‌లో ఉన్నప్పుడు సీడీఐ నుంచి వచ్చే ఒక తీగను ఎర్త్‌కు, అంటే బండి ఫ్రేముకు, కలిపేస్తుంది. కాయిల్ కరెంటు అంతా అటే పోయి స్పార్క్ రాదు. ఆన్ చేస్తే ఆ కలయిక తెగుతుంది, స్పార్క్ మొదలవుతుంది. హోండా తరహా బళ్లలో ఆ తీగ నలుపు మీద తెల్ల గీత.

ఫలితం విచిత్రంగా ఉంటుంది. ఆ తీగ పూర్తిగా తెగిపోతే బండి హాయిగా నడుస్తుంది, తాళం తీసినా ఆగదు అంతే. అదే తీగ తొక్క ఊడి ఫ్రేముకు తగిలిందనుకోండి, ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాదు. ప్లగ్గు మార్చి, సీడీఐ మార్చి, కార్బొరేటర్ కడిగించి, చివరికి ట్యాంకు తీస్తే కింద నలిగిన తీగ కనిపించిన బళ్లు ఎన్నో. స్పార్క్ లేనప్పుడు ముందు చేయాల్సింది ఆ నలుపు-తెలుపు తీగను సీడీఐ దగ్గర విడదీసి కిక్ కొట్టడం. స్పార్క్ వచ్చేస్తే సీడీఐ, కాయిల్ రెండూ బాగున్నట్టే. తప్పు ఆ తీగలోనో తాళంలోనో ఉంది. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, కానీ ఎందుకో చాలా గ్యారేజీల్లో దీన్ని చివరికి అట్టేపెడతారు.

రంగుల మాయ

హీరో హోండా బళ్లలో పచ్చ తీగ ఎర్త్. నలుపు తీగలో తాళం ఆన్ చేసినప్పుడు కరెంటు ఉంటుంది. ఎరుపు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. నారింజ ఎడమ ఇండికేటర్, లేత నీలం కుడి ఇండికేటర్, పచ్చ మీద పసుపు గీత బ్రేక్ లైటు. యమహాలో ఇదంతా తారుమారు. అక్కడ నలుపే ఎర్త్, తాళం తర్వాతి కరెంటు గోధుమ రంగులో వస్తుంది. బజాజ్ కవాసాకి తరహా బళ్లలో నలుపు మీద పసుపు గీత ఎర్త్.

ఇంటి వైరింగ్ చేసేవాళ్లు బండి మీద చెయ్యి వేస్తే ఇక్కడే బోల్తా పడతారు. ఇంట్లో నలుపు న్యూట్రల్. ఆ అలవాటుతో హీరో హోండాలో నల్ల తీగను బాడీకి బిగిస్తే తాళం తిప్పగానే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్యూజు బదులు ఇదివరకే ఎవరో రాగి తీగ చుట్టి ఉంటే ఎగిరేది ఫ్యూజు కాదు, వైరింగ్ మొత్తం పొగ కక్కుతుంది. పైగా ఇరవై ఏళ్ల బండిలో ముందు ముగ్గురు మెకానిక్కులు చేతికి దొరికిన తీగతో అతుకులు వేసి ఉంటారు. అతుకు దాటాక రంగును నమ్మకూడదు, మీటరునే నమ్మాలి.

ఎక్కడ చెడుతుంది

తీగ ఊరికే మధ్యలో చెడదు. వంగే చోట, రాసుకునే చోట, తడిసే చోట, వేడెక్కే చోట చెడుతుంది. ఎలకలు ఒక్కటే దీనికి మినహాయింపు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది హ్యాండిల్ మెడ. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ కట్ట అక్కడే వంగుతుంది. పైకి తొక్క చెక్కు చెదరకుండా ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతుంటాయి. అనుమానమున్న తీగను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. మంచి తీగ సాగదు. లోపల తెగిన తీగ తొక్కతో పాటు సాగుతుంది. కొరాపుట్ ఘాట్ రోడ్లలో మలుపుల్లో నడిచే బళ్లకు ఈ జబ్బు త్వరగా వస్తుంది. ఎడమకు తిప్పితే హారన్ మోగి కుడికి తిప్పితే మోగకపోతే ఇంకెక్కడా వెతకనక్కర్లేదు.

రెండోది ట్యాంకు కింద, ఫ్రేముకు రాసుకునే చోటు. మూడోది గేర్ వైపు స్ప్రాకెట్ కవర్ దగ్గర, మాగ్నెట్ కాయిల్ తీగలు బయటికి వచ్చే చోటు. చైను నూనె, బురద, ఇంజిన్ వేడి మూడూ కలిసి అక్కడి తొక్కను గట్టిపరిచి పెళుసుగా చేస్తాయి. నాలుగోది వెనక మడ్‌గార్డు లోపల. టైరు చిమ్మే నీళ్లన్నీ అక్కడికే.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వంశధార పొంగి గుణుపురం, కాశీనగర్ వైపు ఊళ్లు మునిగాయి. అలా నీళ్లలో నానిన బండిని ఎండబెట్టి, ఆయిల్ మార్చి, స్టార్ట్ చేస్తే నడుస్తుంది. వైరింగ్ జబ్బు నెలల తర్వాత బయటపడుతుంది. కారణం, రాగి పోగుల మధ్య సన్నని ఖాళీల్లోంచి నీళ్లు తొక్క లోపల జానెడు, మూరెడు పైకి పాకుతాయి. పైకి పొడిగా కనిపించే తీగ లోపల రాగి నల్లబడి, చిలుం పట్టి ఉంటుంది. అలాంటి తీగకు టంకం అతకదు. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ పోవాలి. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి తినే బళ్లకు తుపాను కూడా అక్కర్లేదు.

ఎలకల సంగతికొస్తే, వరి కోతలయ్యాక ధాన్యం బస్తాలున్న పంచలో బండి పెట్టడమే వాటిని పిలవడం. సీటు కింద, ఎయిర్ ఫిల్టర్ పక్కన గూడు కట్టి చుట్టూ ఉన్నది కొరుకుతాయి. కొరికిన తీగ ఒక్కటే కనిపించినా కట్ట మొత్తం విప్పి చూడాలి, పక్క తీగ తొక్క సగం పోయి ఉంటుంది, వానొచ్చిన రోజు షార్ట్ అవుతుంది.

మీటరు "బీప్" అంటే బాగున్నట్టు కాదు

ఇక్కడ కాస్త నింపాదిగా ఆగాలి, ఎందుకంటే సొంతంగా వెతికేవాళ్లంతా మోసపోయేది ఇక్కడే. మల్టీమీటరును కంటిన్యుటీ మీద పెట్టి తీగకు రెండు వైపులా తాకిస్తే బీప్ అంటుంది, తీగ బాగుందనుకుంటారు. ఆ పరీక్షలో మీటరు పంపేది చీమంత కరెంటు. పదహారు పోగుల్లో ఒక్కటి మిగిలినా అది దాటేస్తుంది. 35 వాట్ల హెడ్‌లైటుకు కావాల్సింది దాదాపు 3 ఆంపియర్లు. ఒక్క పోగు అంత సరిగా మోయలేదు.

లెక్క చూడండి. 12 వోల్టుల మీద 35 వాట్ల బల్బు నిరోధం 4 ఓమ్‌లకు కాస్త పైన. దారిలో తుప్పు పట్టిన కప్లర్ (రెండు తీగలను కలిపే ప్లాస్టిక్ జోడు) అర ఓమ్ అడ్డుపడితే బల్బుకు చేరేది 10.7 వోల్టులే. పోయింది నూటికి పదకొండు వంతుల వోల్టేజి. కానీ ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజితో సమానంగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. ఆ అర ఓమ్‌కు మూడో వంతు వెలుగు మాయం. అంత చిన్న నిరోధాన్ని మామూలు మీటరు పట్టలేదు, దాని తీగలకే దాదాపు అంత ఉంటుంది.

అందుకే తీగను పని చేయించి కొలవాలి. బ్రేక్ లైటు మసకగా ఉందనుకుందాం. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల మొనను బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర మొనను వెనక బల్బు ఎర్త్ తీగకు తాకించి బ్రేకు తొక్కండి. దాదాపు సున్నా రావాలి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డుంది. అలాగే బ్యాటరీ పాజిటివ్ నుంచి బల్బుకు వచ్చే తీగకు కొలవండి. అక్కడ తాళం, బ్రేకు స్విచ్, కప్లర్లు అన్నీ మధ్యలో ఉంటాయి కాబట్టి కొద్దిగా పోవడం సహజం. ఒక వోల్టు దాటితే కప్లర్ తర్వాత కప్లర్ దాటుకుంటూ వస్తే దొంగ దొరుకుతాడు.

నేనైతే ఎర్త్ నుంచే మొదలుపెట్టమంటాను. పాత బండిలో దెయ్యం పట్టినట్టుండే లక్షణాలన్నీ అక్కడివే. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మినుకుమనడం, ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కొట్టుకోవడం, హారన్ నొక్కితే న్యూట్రల్ దీపం ఊగడం, ఇవన్నీ తిరుగుదారి మూసుకుపోయిన కరెంటు ఇంకో బల్బు ఫిలమెంటులోంచి దారి వెతుక్కోవడమే. ఎర్త్ బోల్టు విప్పి, కింద పెయింటూ తుప్పూ ఇసుక కాగితంతో గీకి, బిగించి, పైన కాస్త వాజిలీన్ రాయడం పది నిమిషాల పని.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే

ఎప్పుడు పోతోందో గమనించండి. తాళం ఆఫ్‌లో ఉండగానే పోతే షార్ట్ ఫ్యూజుకూ తాళానికీ మధ్య, లేదా ఆర్ఆర్ యూనిట్‌కు వెళ్లే కొమ్మలో ఉంది. తాళం తిప్పగానే పోతే దాని తర్వాత. బ్రేకు తొక్కినప్పుడే పోతే బ్రేక్ లైటు తీగ. గుంతల రోడ్డులో మాత్రమే పోతే ఎక్కడో ఊగి తగులుతోంది.

కొత్త ఫ్యూజులు తగలెయ్యకుండా వెతికే పద్ధతి ఒకటుంది. ఫ్యూజు తీసేసి ఆ రెండు కొసల మధ్య 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు కలపండి. షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, కరెంటు 2 ఆంపియర్ల లోపే ఉంటుంది కాబట్టి ఏదీ కాలదు. ఇప్పుడు కట్టను మెడ దగ్గర, ట్యాంకు కింద, సీటు కింద కదుపుతూ రండి. ఏ చోట కదిపితే బల్బు ఆరిందో అదే చోటు. కదిపినా ఆరకపోతే కప్లర్లు ఒక్కొక్కటీ ఊడదీయండి, ఏది తీస్తే ఆరిందో దాని అవతల ఉంది తప్పు.

అతుకు ఎలా ఉండాలి

మొదట బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ఇది చెప్పక్కర్లేదు గానీ చెబుతున్నాను.

తీగ ఆటో వైరే కావాలి, సన్నని పోగులున్నది. మామూలు దీపాలకు 0.75 చదరపు మిల్లీమీటర్లు, బ్యాటరీ నుంచి తాళానికి వచ్చే దారికి 1 లేదా 1.5. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ఒంటి పోగు తీగ బండి వణుకుకు నిలవదు, కొన్నాళ్లకు పుటుక్కుమంటుంది. చౌక తీగల్లో పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్నవీ అమ్ముతున్నారు. కొస గీకి చూస్తే తెల్లగా బయటపడుతుంది, అది వద్దు.

రెండు కొసల తొక్క తీసి, ఎదురెదురుగా పెట్టి, ఒకదాని మీద ఒకటి చుట్టి, టంకం పెట్టాలి. చుట్టడానికి ముందే అతుకును కప్పే గొట్టం, అదే స్లీవు, ఎక్కించుకోవాలి, టంకం అయ్యాక గుర్తొస్తే మళ్లీ కోయాల్సిందే. రాళం ఉన్న టంకమే వాడాలి. రేకుల పనివాళ్లు వాడే యాసిడ్ రకం రాగిని తర్వాత లోపలినుంచి తింటుంది. తీగ కొసకు తొడిగి పట్టకారుతో నొక్కే లోహపు ముక్కలను, లగ్గులను, నేను నమ్మను. వాటిని గట్టిగా నొక్కే సరైన క్రింపింగ్ పరికరం ఉంటే మాత్రం టంకం కన్నా అదే మేలు, ఎందుకంటే టంకం తాగిన తీగ గట్టిపడి, టంకం ఆగిన అంచు దగ్గర విరుగుతుంది. కాబట్టి టంకం పెట్టిన అతుకు ఊగకుండా కట్టతో కలిపి కట్టేయాలి.

వంగే చోట అతుకు వేయకూడదు. హ్యాండిల్ మెడలో తీగ తెగితే అక్కడే కలపొద్దు. మెడకు ఇవతలా అవతలా జానెడు దూరం కోసి, మధ్యలో పూర్తిగా కొత్త తీగ వేసి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరిగేంత వదులు ఉంచాలి. నాలుగైదు తీగలు కలపాల్సి వస్తే అతుకులన్నీ ఒకే చోట పడకుండా వెనకా ముందూ వేయాలి. లేదంటే కట్ట అక్కడ ఉబ్బుతుంది, స్లీవు జారితే పక్కపక్క అతుకులు తగులుకుంటాయి.

పైన చుట్టే నల్ల టేపు మన ఎండలకు జిగురు కరిగి జారుతుంది. కంపెనీ కట్టకు వాడేది జిగురు లేని టేపు, అది దొరికితే మంచిది. కింది నుంచి పైకి చుట్టుకుంటూ పోతే ఇంటి కప్పు మీద పెంకుల్లా పై చుట్టు కింది చుట్టు మీద పడి నీళ్లు జారిపోతాయి. కట్టలో అన్నిటికన్నా దిగువనున్న చోట మాత్రం టేపు బిగించి మూసేయకండి, లోపలికి చేరిన నీళ్లు పోవడానికి దారి ఉండాలి.

ఫ్యూజు కంపెనీ చెప్పినంతే వేయాలి. 100 సీసీ బళ్లలో అది సాధారణంగా 7 లేదా 10 ఆంపియర్లు. 20 వేస్తే ఫ్యూజు నిలబడుతుంది, తీగ కాలుతుంది. ఎల్ఈడీ ఫాగ్ లైట్లు, రెండో హారన్ వగైరా బిగించేవాళ్లకూ ఇదే మాట. ఈ బళ్లలో కాయిల్ బ్యాటరీకి ఇచ్చే కరెంటు కొద్దిగానే, అవి పెడితే 2.5 ఏహెచ్ (ఆంపియర్-అవర్) చిన్న బ్యాటరీ వారంలో చేతులెత్తేస్తుంది.

కిట్టు ఎప్పుడు మార్చాలి

కట్టను మూడు చోట్ల కోసి చూసినా రాగి నల్లగానే ఉంటే, తొక్క వంచితే పెళుసుగా పగులుతుంటే, షార్ట్ అయి తీగలు ఒకదానికొకటి కరిగి అతుక్కుపోయి ఉంటే, కిట్టు మార్చడమే నయం. అలాంటి దానికి అతుకులు వేస్తూ పోతే అతుకే మిగులుతుంది. కొనడానికి పర్లాకిమిడి వాళ్లు పాతపట్నం దాటి శ్రీకాకుళం వెళ్లినా, రాయగడ వాళ్లు పార్వతీపురం, విజయనగరం వెళ్లినా పాత కిట్టు విప్పి చేతిలో పట్టుకునే వెళ్లండి. ఒకే పేరున్న బండిలో కూడా ఏడాదిని బట్టి, కిక్కా సెల్ఫా అన్నదాన్ని బట్టి కప్లర్లు మారుతాయి. విప్పే ముందు కట్ట ఫ్రేముకు ఏ వైపు నుంచి పోతోందో, ఏ క్లిప్పు కింద దూరుతోందో ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. కొత్త కిట్టు కూడా తప్పు దారిన వేస్తే ట్యాంకు బిగించినప్పుడే నలుగుతుంది.

అతుకైనా కిట్టైనా, పని అయ్యాక బండి స్టార్ట్ చేసి బ్యాటరీ మీద మీటరు పెట్టండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపించాలి, కొద్దిగా రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య నిలవాలి. రేజ్ చేసినా పెరగకపోతే ఛార్జింగ్ తీగ ఎక్కడో ఇంకా తెగి ఉంది. 15 దాటి పోతుంటే ఆర్ఆర్ యూనిట్ చెడిందనో, దాని ఎర్త్ వదులైందనో అనుకోవాలి. కొత్త యూనిట్ కొనే ముందు ఆ ఎర్త్ తీగను ఒకసారి గీకి బిగించి మళ్లీ కొలవండి. బల్బులు వరసగా మాడిపోతున్న బళ్లలో కూడా ముందు చూడాల్సింది ఆ తీగనే.